ఇండికేటర్ వేగంగా కొట్టుకుంటే ముందు బల్బు చూడండి

సంపాదకులకు,

మీ పత్రిక వాహనాల పేజీలో కారు ఇండికేటర్ల మీద ఇచ్చిన సలహాల్లో ఒకదాన్ని సరిదిద్దాలి. ఇండికేటర్ మామూలు కన్నా వేగంగా టకటకా కొట్టుకుంటే ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే చిన్న పరికరం) పాడైనట్టేనని, వెంటనే మార్చేయమని రాశారు. ఎక్కువసార్లు జరిగేది దీనికి తలకిందులు. ఫ్లాషర్ బాగానే ఉంటుంది. ఒక బల్బు పోయిందని డ్రైవరుకు చెప్పడానికే అది అలా తొందరపడుతుంది. ఆ సలహా నమ్మి కొత్త ఫ్లాషర్ పెట్టించుకుంటే అదీ అంతే వేగంగా కొట్టుకుంటుంది.

ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య వెలిగి ఆరాలి. మామూలు బల్బులున్న కారులో ఒక్కో వైపు ముందూ వెనకా 21 వాట్ల బల్బులు రెండు, చాలా కార్లకు పక్కన 5 వాట్లది మరొకటి ఉంటాయి. మూడూ కలిసి 12 వోల్టుల దగ్గర సుమారు 4 ఆంపియర్లు లాగుతాయి. 21 వాట్లది ఒకటి పోతే అది రెండు ఆంపియర్ల పైచిలుకుకు పడిపోతుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ ఈ తేడా పసిగట్టి వేగాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. పాత కార్లలో వేడికి వంగే లోహపు పట్టీతో పనిచేసే ఫ్లాషర్ ఉండేది. బల్బు పోతే అది నెమ్మదిగా కొట్టుకునేది, లేదా ఆరకుండా అలాగే వెలిగి ఉండిపోయేది. పక్కనున్న చిన్న బల్బు పోతే మాత్రం సాధారణంగా వేగంలో తేడా తెలియదు, దాన్ని కంటితో చూసుకోవాల్సిందే.

ఫ్లాషర్‌ను అనుమానించే ముందు ఒక్క సంగతి గమనిస్తే చాలు. రెండు వైపులకూ ఫ్లాషర్ ఒకటే. ఎడమ వైపు సరిగ్గా కొట్టుకుంటూ కుడి వైపు మాత్రమే వేగంగా ఉంటే తప్పు ఫ్లాషర్‌ది కాదు, కుడి వైపు బల్బుదో హోల్డరుదో వైరుదో అయి ఉంటుంది. కారు ఆపి, అన్ని ఇండికేటర్లనూ ఒకేసారి వెలిగించే, ఎర్ర త్రిభుజం గుర్తున్న హజార్డ్ బటన్ నొక్కి, చుట్టూ ఒకసారి నడిచి వస్తే ఏది వెలగడం లేదో తెలిసిపోతుంది.

వెలగని బల్బును కొద్దిగా లోపలికి నొక్కి, ఎడమకు తిప్పి తీయాలి. లోపలి తీగ తెగి ఉండవచ్చు, గాజు నల్లబడి ఉండవచ్చు. పైకి బాగానే కనిపిస్తే రెండో వైపు బల్బు తెచ్చి ఇక్కడ పెట్టి చూడండి. కొత్తది కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్లడం మేలు. నారింజ రంగు బల్బుకు, తెల్ల బల్బుకు అడుగున ఉండే పిన్నుల అమరిక ఒకటి కాదు, ఒకదాని హోల్డరులో మరొకటి కూర్చోదు. కూర్చోనిదాన్ని బలవంతంగా తిప్పితే హోల్డరే విరుగుతుంది. 21 వాట్లకు బదులు 10 వాట్లది పెడితే వెలుగుతుంది గానీ లోడు తక్కువై వేగం తగ్గదు. బ్రేకు లైటుకు వాడే రెండు తీగల బల్బును ఒంటి తీగ హోల్డరులో ఇరికిస్తే అడుగునున్న రెండు చుక్కలూ ఒకే కాంటాక్టుకు తగిలి చిత్రమైన తిప్పలు తెస్తాయి. ఇక నారింజ పూత రాలిపోయి తెల్లగా వెలుగుతున్న బల్బును, బాగానే వెలుగుతోంది కదా అని ఉంచేయకూడదు.

బల్బు మంచిదైనా వెలగకపోతే హోల్డరు లోపల చూడండి. లైటు అద్దం అంచున ఉండే రబ్బరు ఎండి చీలితే వాననీరు లోపలికి దిగుతుంది. ఇత్తడి కాంటాక్టు మీద పచ్చటి చిలుము పడుతుంది. సన్నటి ఎమరీ పేపరుతో చిలుము గీకి, లోపలికి నొక్కుకుపోయిన కాంటాక్టును చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పైకి లేపాలి. ఈ పనికి ముందు స్విచ్ ఆపేయడం మరవొద్దు. ప్లాస్టిక్ కరిగి కాంటాక్టు కదులుతుంటే గీకి లాభం లేదు, హోల్డరు మార్చాలి.

అందరినీ ఎక్కువగా తిప్పలు పెట్టేది బాడీ ఎర్త్, అంటే బల్బు నుంచి కరెంటు కారు లోహపు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. వెనక లైట్లో ఇండికేటర్, బ్రేకు, టెయిల్ బల్బులన్నిటికీ చాలా కార్లలో ఒకటే ఎర్త్ వైరు ఉంటుంది. అది వదులైనా తుప్పు పట్టినా కరెంటు తిరిగి వెళ్లడానికి దారి లేక పక్క బల్బు తీగ గుండా వెనక్కి పోతుంది. అందుకే ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా మసగ్గా మినుకుమంటుంది, బ్రేకు తొక్కితే ఇండికేటర్ మందగిస్తుంది. ఇలా ఒక లైటు పని మరో లైటు చేస్తుంటే బల్బుల వైపు చూడనే వద్దు, నేరుగా ఆ వైరును బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు దగ్గరికి వెళ్లండి.

మల్టీమీటర్‌తో (వోల్టులు కొలిచే మీటరు) దీన్ని తేల్చుకోవచ్చు. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది లైటు ఎర్త్ కాంటాక్టుకు ఆనించి ఇండికేటర్ వేయాలి. బల్బు దాని చోటనే ఉండాలి, వెలగాల్సిన క్షణంలో అంకె చూడాలి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేనట్టు. బల్బు తీసేసి హోల్డరుకు కరెంటు వస్తోందా అని కొలిస్తే చిలుము పట్టిన కాంటాక్టు కూడా పూర్తి 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది, కరెంటు పారుతుంటేనే లోపం బయటపడుతుంది. బోల్టు విప్పి, కింద పెయింటు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా గీకి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూస్తే మళ్లీ తుప్పు త్వరగా రాదు. డిక్కీ తలుపులోనే లైట్లున్న కార్లలో కీళ్ల దగ్గర రబ్బరు గొట్టంలో వెళ్లే వైర్లను కూడా చూడండి. తలుపు తీసి వేసిన ప్రతిసారీ అవి మడతపడి, పై తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగిపోతుంది.

ఈమధ్య ఎల్ఈడీ బల్బులు వేయించుకున్నాక వేగం పెరిగిందన్న ఫిర్యాదు ఎక్కువైంది. కారణం పైన చెప్పినదే. ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుంది, ఫ్లాషర్ బల్బు పోయిందనుకుంటుంది. దీనికి కొందరు బల్బుకు సమాంతరంగా 6 ఓమ్, 50 వాట్ల రెసిస్టర్ కలుపుతారు. వెలిగిన క్షణాల్లో అది 30 వాట్ల దాకా వేడిగా మారుస్తుంది. ప్లాస్టిక్‌కు గానీ వైర్ల కట్టకు గానీ తగిలితే కరిగించేస్తుంది, లోహపు బాడీకే బిగించాలి. పైగా రేపు ఎల్ఈడీ పోయినా రెసిస్టర్ కరెంటు లాగుతూనే ఉంటుంది కాబట్టి డ్యాష్‌బోర్డులో ఏమీ తెలియదు. విడి ఫ్లాషర్ ఉన్న కారుకు ఎల్ఈడీకి పనికొచ్చే ఫ్లాషర్ వేయడమే శుభ్రమైన పని. అయితే అదీ సాధారణంగా బల్బు పోయిన సంగతి చెప్పదు, అప్పుడప్పుడు దిగి చూసుకోవాలి.

ఫ్లాషర్‌ను నిజంగా అనుమానించాల్సింది రెండు వైపులా వెలగనప్పుడు, లేదా రెండు వైపులా ఆరకుండా వెలిగి ఉండిపోయినప్పుడు. అప్పుడూ ముందు హజార్డ్ బటన్ నొక్కండి. చాలా కార్లలో హజార్డ్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, ఇండికేటర్‌కు తాళం తిప్పాక వేరే ఫ్యూజు ద్వారా వస్తుంది. హజార్డ్ పనిచేసి ఇండికేటర్ పనిచేయకపోతే బల్బులు, వాటి వైర్లు బాగున్నట్టే, ఇండికేటర్ ఫ్యూజు, స్టీరింగ్ పక్క లివర్ స్విచ్, హజార్డ్ స్విచ్ లోపలి కాంటాక్టులు చూడాలి. కొన్ని కార్లలో ఇండికేటర్ కరెంటు హజార్డ్ స్విచ్ గుండానే వెళ్తుంది. ఏళ్ల తరబడి వాడని ఆ బటన్‌ను ఓ ఇరవైసార్లు నొక్కి వదిలితే కాంటాక్టులు రాసుకుని శుభ్రమై పనిచేయడం కొత్తేమీ కాదు. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయాలి. మళ్లీ పోయిందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందన్నమాట, పెద్ద ఫ్యూజు వేస్తే వైరు కాలుతుంది.

విడి ఫ్లాషర్‌కు మూడు కాళ్లుంటే సాధారణంగా ‘బీ’ (B) కరెంటు వచ్చేది, ‘ఎల్’ (L) లైట్లకు వెళ్లేది, ‘ఈ’ (E) ఎర్త్. ఫ్లాషర్ ఊడదీసి, సాకెట్లో బీ, ఎల్ రెండిటినీ చిన్న వైరుతో కలిపి లివర్ వేస్తే ఆ వైపు లైట్లు ఆరకుండా వెలగాలి. వెలిగితే ఫ్లాషర్ పోయినట్టే. ‘ఈ’ (ఎర్త్) కాలికి ఆ వైరు తగిలితే ఫ్యూజు ఎగురుతుంది, జాగ్రత్త. కొత్త కార్లలో ఫ్లాషర్ పని బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్ల లాంటివాటిని నడిపే చిన్న కంప్యూటర్) చేస్తుంది, అక్కడ వైరు పెట్టి కలపడం లాంటి పనులు అసలు చేయొద్దు, స్కానర్ పెట్టించి చూడాలి.

మలుపు తిరిగాక లివర్ వెనక్కి రాకపోతే స్టీరింగ్ కింద ప్లాస్టిక్ మీట విరిగి ఉంటుంది. అక్కడ ఎయిర్‌బ్యాగు కూడా ఉంటుంది, విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, కారు పుస్తకంలో చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. అలవాటు లేనివాళ్లు దాని జోలికి పోవద్దు.

మీ వ్యాసం పక్కన ఫ్లాషర్ బొమ్మ వేశారు. సవరణ వేసేటప్పుడు దాని బదులు వెనక లైటు హోల్డరు, ఎర్త్ బోల్టు కనిపించే బొమ్మ వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఆటో ఎలక్ట్రీషియన్