ఛార్జర్లు 20, కరెంటు ఒక్కటే

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ ఆఫీసు పార్కింగులో విద్యుత్ కార్ల కోసం 20 ఛార్జర్లు పెట్టించే బాధ్యత నీ మీద పడిందనీ, ఒక్కొక్కటి 7.4 కిలోవాట్లు కాబట్టి మొత్తం 148 కిలోవాట్లకు సరిపడా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ తప్పదని కాంట్రాక్టరు పట్టుబడుతున్నాడనీ రాశావు. తొందరపడి ఒప్పుకోకు. ఇది నేను రోజూ ఆలోచించే విషయం కనుక కాస్త వివరంగానే రాస్తాను.

ముందు లెక్కించవలసింది ఛార్జరు మీద రాసి ఉన్న సామర్థ్యాన్ని కాదు, కార్లకు నిజంగా కావలసిన కరెంటును. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారు, కిలోమీటరుకు 150 వాట్ అవర్ల చొప్పున, వాడుకునేది 6 యూనిట్లు. ఛార్జింగులో పోయే నష్టం కలుపుకొని 7 అనుకుందాం. అలాంటి కార్లు 20 ఉంటే 140 యూనిట్లు. ఎనిమిది గంటల ఆఫీసు సమయానికి వాటిని సర్దితే సగటున 17.5 కిలోవాట్లు చాలు. చిక్కంతా అందరూ ఉదయాన్నే వచ్చి ఒకేసారి ప్లగ్ పెట్టడంతోనే వస్తుంది.

దీన్ని అదుపు చేసే ఏర్పాటు ప్రతి ఛార్జరులోనూ ముందే ఉంది. కారుకు వెళ్లే కేబుల్లో కరెంటు తీగలతో పాటు కంట్రోల్ పైలట్ అనే సన్నని తీగ ఒకటి ఉంటుంది. దాని మీద సెకనుకు 1000 సార్లు సిగ్నల్ పైకీ కిందికీ మారుతూ ఉంటుంది; ప్రతిసారీ అది ఎంత శాతం సేపు పైన నిలిచిందన్నదాన్ని బట్టి తాను ఎంత కరెంటు తీసుకోవచ్చో కారు తెలుసుకుంటుంది. 50 శాతమైతే 30 ఆంపియర్లు, 25 శాతమైతే 15, 10 శాతమైతే 6. ఛార్జరు ఈ శాతాన్ని తగ్గిస్తే, కారు 5 సెకన్ల లోపు తన వాడకాన్ని తగ్గించుకోవాలని ఐఈసీ 61851 అనే అంతర్జాతీయ ఛార్జింగ్ ప్రమాణం చెబుతుంది. అంటే లిఫ్టులూ ఏసీలూ ఒక్కసారిగా లోడ్ పెంచినా, దాన్ని కనిపెట్టే మీటరు మెయిన్ దగ్గర ఉంటే, కార్లను వెంటనే తగ్గించవచ్చు.

అయితే ఆ 6 ఆంపియర్లే కనీస పరిమితి, అంతకంటే తక్కువ ఇవ్వడానికి వీలు లేదు. మధ్యాహ్నం ఏసీల లోడ్ పోగా నీకు 20 కిలోవాట్లే మిగిలాయనుకో. భవనానికి కరెంటు మూడు ఫేజులుగా, అంటే మూడు వేర్వేరు తీగల మీద వస్తుంది; కాబట్టి 230 వోల్టుల దగ్గర అది ఫేజుకు 29 ఆంపియర్లు. ఒక ఫేజు మీద ఏడు కార్లుంటే తలా నాలుగు ఆంపియర్లకు కాస్త పైన మాత్రమే వస్తాయి. కనుక ఫేజుకు నాలుగింటికి మాత్రమే ఇచ్చి, మిగతావాటిని ఆపక తప్పదు. కాలువ కింద రైతులు నీటికి వంతులు వేసుకున్నట్టే ఇక్కడా వంతులు కావాలి. కానీ ఆ వంతులు మరీ చిన్నవి చేయవద్దు, ఎందుకంటే మాటిమాటికీ ఆపితే కొన్ని కార్లు నిద్రలోకి జారుకుని, కరెంటు మళ్లీ ఇచ్చినా లేవవు. పైగా పరిమితిని మొత్తం కిలోవాట్లలో కాక ఫేజు ఫేజుకూ చూడాలి. వచ్చిన కార్లన్నీ ఒకే ఫేజు మీద పడితే, మొత్తం లెక్క సరిగ్గా ఉన్నా ఆ ఫేజు బ్రేకరు పడిపోతుంది.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇది: అందరికీ సమానంగా పంచే పద్ధతికి ఒప్పుకోకు. అమ్మేవాళ్లు దాన్నే న్యాయమని చూపిస్తారు. పన్నెండింటికి ఊరెళ్లవలసిన వ్యక్తికీ, సాయంత్రం ఆరు దాకా కుర్చీ కదలని వ్యక్తికీ ఒకే వాటా ఇస్తే, మొదటి వ్యక్తి సగం బ్యాటరీతో బయలుదేరతాడు, రెండవ వ్యక్తి కారు మధ్యాహ్నానికే నిండి ఊరికే నిలబడి ఉంటుంది. కావలసిన యూనిట్లను మిగిలిన గంటలతో భాగించు; ఆ సంఖ్య ఎవరికి పెద్దదైతే వారికి ముందు ఇవ్వు. మామూలు ఏసీ ఛార్జింగులో బ్యాటరీ ఎంత నిండిందో కారు ఛార్జరుకు చెప్పదు కాబట్టి, వెళ్లే సమయమూ కావలసిన దూరమూ యాప్‌లో అడిగి తెలుసుకోవాలి. కారూ ఛార్జరూ సమాచారం ఇచ్చిపుచ్చుకునే ప్రమాణమైన ఐఎస్ఓ 15118 తెలిసిన కార్లూ ఛార్జర్లూ అయితే ఈ సంగతులు వాటంతట అవే మాట్లాడుకోగలవు.

కేంద్ర సర్వరు నుంచి పరిమితులు పంపడానికి ఓసీపీపీ అనే, ఛార్జర్లూ సర్వరూ మాట్లాడుకునే ఉమ్మడి భాష ఉంది, ఛార్జర్లు కొనేటప్పుడు అది తప్పక అడుగు. అయినా క్షణక్షణం తగ్గించి పెంచే పని మాత్రం భవనంలోనే ఉన్న కంట్రోలరు చేయాలి. ఇంటర్నెట్ పోతే ప్రతి ఛార్జరూ ముందుగా నిర్ణయించిన తక్కువ కరెంటుకు దిగిపోవాలే తప్ప పూర్తి 32 ఆంపియర్లకు ఎగబాకకూడదు. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా అన్నీ ఒక్కసారిగా మొదలు కాకుండా చూడాలి. బ్రిటన్‌లో 2021లో చేసిన నిబంధనలు, ఛార్జింగ్ మొదలయ్యేటప్పుడు 10 నిమిషాల వరకు ఎంతో కొంత ఆలస్యాన్ని యాదృచ్ఛికంగా చేర్చమన్నది ఇందుకే. సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా బ్రేకర్లనూ కేబుళ్లనూ తగ్గించే ఆలోచన చేయకు, చివరి రక్షణ వాటిదే.

ఇప్పుడు నువ్వు చేయవలసింది మీ మెయిన్ మీటరులో ప్రతి 15 నిమిషాలకూ నమోదైన లోడ్‌ను, వీలైతే ఎండాకాలపు నెలతో సహా, తీయించి నాకు పంపడం. ఫేజుల వారీగా ఉంటే మరీ మంచిది. అది చూశాక ఏ గంటలో ఎంత మిగులుతుందో, 20 ఛార్జర్లకు ఎంత పరిమితి పెట్టాలో ఇద్దరం కూర్చుని తేల్చుదాం. అప్పటిదాకా కాంట్రాక్టరు కాగితం మీద సంతకం పెట్టకు.

నీ మిత్రుడు