లక్షల జీతం సరే, ట్రైనింగ్ ఎక్కడండీ?

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన ఆదివారం మీ పేపర్లో కమర్షియల్ డైవర్, అంటే నీళ్ల కింద వెల్డింగ్ లాంటి పనులు చేసేవాడు, అయితే నెలకి లక్షలు అని వేశారు. ఊరుకుందామనుకున్నా గానీ మనసొప్పక రాస్తున్నా. జీతం గురించి అంత రాసిన వాళ్లు ఏ సర్టిఫికెట్ చెల్లుతుందో ఒక్క ముక్క రాయలేదు.

మా అన్నయ్య కొడుకు ఐటీఐ వెల్డరు. ఇలాంటి ప్రకటనే చూసి ఒక సంస్థలో లక్షలు పోసి చేరాడు, తీరా వాళ్లు చేతిలో పెట్టింది సరదాగా గాలి సిలిండర్‌తో నీళ్లలో దిగే టూరిస్టులకిచ్చే స్కూబా కార్డు. సముద్రంలో చమురు పనులు చేసే ఆఫ్‌షోర్ కంపెనీలో అది చూపిస్తే తీసి పక్కన పెట్టేశారు. అప్పు మాత్రం మా వదిన మెడకి చుట్టుకుంది, ఇంకా వడ్డీ కడుతూనే ఉంది.

నీళ్ల కింద వెల్డింగ్, కటింగ్ చెయ్యాలంటే పైనుంచి గొట్టంలో గాలి అందాలి, హెల్మెట్లో సూపర్‌వైజర్ మాట వినపడాలి, ఏదైనా అయితే దూకడానికి ఇంకో డైవర్ రెడీగా ఉండాలి, డైవర్‌ని లోపల ఉంచి ఒత్తిడి మెల్లగా తగ్గించే డీకంప్రెషన్ ఛాంబర్ దగ్గర్లో ఉండాలి. లోతులో చాలాసేపు ఉండి గబుక్కున పైకొస్తే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్లు పట్టేస్తాయి, కాళ్లు పడిపోతాయి, ప్రాణం కూడా పోవచ్చు. ఇది పది రోజుల్లో వచ్చే విద్యా?

2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగితే ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో అందరికీ తెలుసు. చివరికి కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం, విశాఖ డైవర్లు కలిసి పనిచేస్తేనే అక్టోబర్ 22న బోటు బయటికొచ్చింది. 2024 సెప్టెంబర్లో ప్రకాశం బ్యారేజీ గేట్లకి పడవలు అడ్డం పడినా మళ్లీ డైవర్లే దిగి కొయ్యాల్సి వచ్చింది. ఆపద వచ్చినప్పుడు కబురు పెట్టడం, గట్టెక్కాక మర్చిపోవడం మన అధికారులకి అలవాటైపోయింది. ఆ డైవర్లకి ఇన్సూరెన్స్ ఉందా, ఏటా మెడికల్ టెస్ట్ చేయిస్తున్నారా అని అడిగిన నాథుడు లేడు.

నేవీకి కొచ్చిలో సొంత డైవింగ్ స్కూలుంది. విశాఖలో షిప్‌యార్డు, పోర్టు, ఇటు కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్లో చమురు రిగ్గులు, పుట్టినప్పటినుంచి నీళ్లతో బతికే మత్స్యకార కుర్రాళ్లు, ఇన్ని పెట్టుకుని మన పిల్లల్ని ఇంకా ఏజెంట్ల చేతుల్లో పెడతామా? స్కిల్ సెంటర్లంటూ ఊరూరా బోర్డులు కడుతున్నారు కదా, కాకినాడలోనో విశాఖలోనో ఛాంబర్‌తో సహా ఒక సర్కారీ డైవింగ్ స్కూలు పెట్టండి, అంతర్జాతీయంగా చెల్లే సర్టిఫికెట్ ఇప్పించండి, ఫీజు పేదోడు కట్టగలిగేలా ఉంచండి. మీరూ ఈసారి ఇలాంటి వార్త వేసేముందు ఆ కోర్సుకి గుర్తింపు ఉందో లేదో కనుక్కుని వెయ్యండి సార్.

– ఒక పాఠకుడు, కాకినాడ