రంగంలో వదిలేసిన కొట్టు

శ్రీకాకుళం,
ఆదివారం

ఒరే బావా,

మొన్న ఫోన్లో ఒక్క మాట అనేసి పెట్టేశావు. "మీ నాయనమ్మావాళ్ళ కొట్టు లాక్కున్న బర్మాకి మనం సాయం చెయ్యడం ఏటిరా? ముందు కొట్టు డబ్బులు కక్కమనాల" అని. అప్పుడు సమాధానం దొరకలేదు. మూడు రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నువ్వు చెప్పనివ్వవు కదా.

నిన్న అటక మీంచి రేకు పెట్టె దించాను. నీకు గుర్తుందా, కళింగపట్నంలో మనం దాగుడుమూతలాడేటప్పుడు దాని వెనకే దాక్కునేవాడివి. పాత చీర ముక్కలో చుట్టి బర్మా డబ్బు, వంద క్యాట్ల నోట్లు రెండు, నాలుగు మడతల కాగితం ఒకటి ఉన్నాయి. బర్మా అక్షరాలు మన అక్షరాల్లాగే సున్నలు సున్నలుగా ఉంటాయి. చూడగానే చదివేయొచ్చనిపిస్తుంది, తీరా ఒక్క ముక్కా అర్థం కాదు. కింద ఊదా రంగు ముద్ర. మడత దగ్గర చిరిగిపోతే నాయనమ్మ గంజి పెట్టి అతికించింది.

ఆవిడ చెప్పేది నువ్వూ విన్నావు. 1964 మార్చిలో బర్మా సైనిక పాలకుడు నెవిన్ ప్రభుత్వం కొట్లన్నీ జాతీయం చేసేసింది. రంగంలో, అంటే రంగూన్‌లో, మనవాళ్ళ కొట్టుకి ఓ నంబరు తగిలించి ప్రజా దుకాణం అన్నారు. లెక్క రాసుకోడానికి వచ్చినవాళ్ళు బియ్యం డబ్బా మూత కూడా రాసుకున్నారట. అంత జాగ్రత్తగా రాస్తున్నారంటే డబ్బులు తప్పకుండా ఇస్తారని తాత నమ్మాడు. నాకు గుండె పిండేసేది ఆ నమ్మకమేరా. మేలో యాభై, వంద క్యాట్ల నోట్లు కూడా చెల్లవన్నారు. ఇహ ఓడెక్కడమే. అప్పటిదాకా "రంగం వెళ్ళొచ్చినోళ్ళు" అని గొప్పగా చెప్పుకున్న ఇంటికి "బర్మా కాందిశీకులు" అని పేరొచ్చింది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. నువ్వన్నట్టే చేసిన దేశం ఒకటుంది, అమెరికా. 1962లో బ్రెజిల్లో ఒక రాష్ట్ర గవర్నరు అమెరికా కంపెనీవాళ్ళ టెలిఫోన్ వ్యవస్థని స్వాధీనం చేసుకున్నాడు. అయోవా సెనేటర్ హికెన్‌లూపర్ అదే ఏడు విదేశీ సాయం చట్టానికి ఓ సవరణ తగిలించాడు. మావాళ్ళ ఆస్తి తీసుకుని ఆరు నెలల్లో పరిహారం దారి చూపించకపోతే సాయం బంద్. మొదటి దెబ్బ పడింది మన పక్కనున్న సిలోను, అదే ఇప్పటి శ్రీలంక మీద. అమెరికా చమురు కంపెనీలు కాల్టెక్స్, ఎస్సోల పెట్రోలు బంకులు, డిపోలు తీసుకున్నందుకు 1963 ఫిబ్రవరిలో సాయం ఆపేశారు. 1965లో అక్కడ ప్రభుత్వం మారింది, కొత్తవాళ్ళు పరిహారానికి ఒప్పుకున్నారు, సాయం మళ్ళీ మొదలైంది. కర్ర పనిచేసిందనే అనుకుందాం. మరి 1968లో పెరూ ఇంకా పెద్ద చమురు కంపెనీనే లాక్కుంటే ఆ కర్ర బయటికే తియ్యలేదు. తీస్తే పెరూ పూర్తిగా చేజారిపోతుందని భయం.

మన కథలో ఇంకో చిక్కుంది. నీకు అన్నం పెట్టడం మానేస్తానని బెదిరించాలంటే అవతలివాడు నీ ఇంట్లో తింటూ ఉండాల. నెవిన్ 1962లోనే అమెరికా సాయం సంస్థలైన ఫోర్డ్ ఫౌండేషన్‌వాళ్ళని, ఏషియా ఫౌండేషన్‌వాళ్ళని వెళ్ళిపొమ్మన్నాడు. తలుపు వేసుక్కూచున్నవాడికి "నీకేం పెట్టను" అంటే నష్టమేంటి? పైగా వాడు బర్మావాళ్ళ కొట్లూ తీసుకున్నాడు, మనవాళ్ళవే కాదు. ఢిల్లీలో ఉన్నవాళ్ళకి గొంతు పెగలకపోడానికి అదో కారణమని నా అనుమానం. మనమూ 1956లో జీవిత బీమా కంపెనీలన్నీ కలిపేసి ఎల్ఐసీ చేసినవాళ్ళమే కదా. ఇక చైనాతో యుద్ధం అయిన కొత్త, బర్మాతో సరిహద్దు ఒప్పందమా ఇంకా కాలేదు. అది 1967లో గానీ తెమల్లేదు. అడగలేదని కాదు, అడిగారు. అడిగిన గొంతు ఎంత గట్టిదన్నదే తేడా.

1962 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఒక తీర్మానం చేసింది, జాతీయం చేస్తే "తగిన" పరిహారం ఇవ్వాలని. తాలూకాఫీసులో ముప్ఫై ఏళ్ళు భూసేకరణ ఫైళ్ళు మోసినవాణ్ణి, "తగిన" అనే మాట చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ మాట చుట్టూ ఎంతమంది ఎన్నేళ్ళు తిరుగుతారో నాకు తెలుసు.

ఇంకో సంగతి చూడు. మీ చిన్నాన్న పనిచేసిన విశాఖ మల్కాపురం రిఫైనరీ మొదట కాల్టెక్స్‌దే. 1957లో పెట్టారు, 1976 చివర్లో మన ప్రభుత్వం తీసుకుంది. పార్లమెంటు చట్టం చేసి మరీ కంపెనీకి డబ్బు కట్టింది. సిలోనులోనూ అదే కాల్టెక్స్, రెండు చోట్లా పరిహారం. కాల్టెక్స్‌కి ఉన్నదేదో మా తాతకి లేదు. రంగం నుంచి వచ్చినవాళ్ళకి ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనను. స్థలాలిచ్చారు, కాలనీలు కట్టారు, 1969లో కాందిశీకుల కోసమని ఓ సహకార బ్యాంకు కూడా పెట్టారు, మద్రాసులో. కానీ అది అప్పు. పోయినదానికి బదులు కాదు. తాత అప్పు పత్రం మీద సంతకం పెట్టనన్నాడు. "నాకు రావలసింది ఉంది, నేను తీర్చవలసింది ఎందుకు తెచ్చుకోవాల" అని. మొండి మనిషి. ఆ మొండితనం వల్ల మా నాన్న చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది, అదీ చెప్పాలి కదా.

ఇప్పుడు బర్మాలో సిట్వే రేవు మన దేశం డబ్బుతోనే కట్టారు. సిట్వే అంటే వేరే కాదు, ఒకప్పటి అక్యాబే. కొట్టు డబ్బులు ఇచ్చేదాకా రేవు కట్టొద్దనాల్సిందా? నీకు కోపం వస్తే వచ్చింది గానీ, నేను అననురా. అక్కడ దిగే బియ్యం బస్తా మోసేవాడు కూడా ఎవడి తాతో.

కాగితం ఫోటో తీసి నీ వాట్సాప్‌కి పంపాను. మీ ఫ్యాక్టరీలో బర్మా భాష వచ్చిన మణిపూర్ కుర్రాడు ఉన్నాడన్నావుగా, చూపించు. ముద్ర కింద రెండో వరసలో ఏదో అంకె ఉంది, అది మొత్తమో కొట్టు నంబరో తెలిస్తే చాలు. రథసప్తమికి అరసవల్లి వస్తే రెండ్రోజులు ముందే రా. మీ చెల్లి పనసపొట్టు కూర చేస్తానంటోంది.

నీ
బావ