ఊపిరిని బట్టి కామాలా?

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షల పిల్లల కోసం మీ విద్యా పేజీలో వేసే ఇంగ్లీషు పాఠం నేను వదలకుండా చదువుతాను. చెన్నైలో ఇంగ్లీషు పుస్తకాలు అచ్చేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి, ఆ అలవాటు ఇంకా పోలేదు. కిందటి వారం 'చదివేటప్పుడు ఊపిరి ఆగినచోట కామా పెట్టండి' అని రాశారు. అదొక్కటే ఒప్పుకోలేకపోతున్నాను. ఇక్కడ పెరంబూరులో మా వీధి పిల్లలు ఆ మాట పట్టుకుని 'హీ, రియల్లీ, వర్క్స్ హార్డ్' అని రాసుకొచ్చారు. ఊపిరి అందరికీ ఒకేచోట ఆగదు కదా!

కామా పెట్టాలా వద్దా అనేది తేల్చాలంటే, రియల్లీ లాంటి మాట వాక్యంలో దేనికి చెందిందో చూడాలి. 'హీ స్పోక్ క్లియర్లీ' అంటే స్పష్టంగా మాట్లాడాడు. ఇక్కడ క్రియావిశేషణం క్రియకే అతుక్కుని ఉంది, కామా అక్కర్లేదు. దాన్నే ముందుకు తెచ్చి 'క్లియర్లీ, హీ స్పోక్' అంటే, అతను మాట్లాడాడని తెలిసిపోతూనే ఉంది అని రాసినవాడి అభిప్రాయం. అది వాక్యం మొత్తానికీ చెందుతుంది కాబట్టి కామా ఉండాలి. యెస్, నో, ఓ, వెల్ లాంటివి మొదట్లో వచ్చినా అంతే. 'నో వన్ కేమ్' అంటే ఎవరూ రాలేదు. 'నో, వన్ కేమ్' అంటే కాదు, ఒకరు వచ్చారు.

ఇక హవెవర్. ప్రెస్సులో ఇది పెట్టిన తలనొప్పి అంతా ఇంతా కాదు. 'కానీ' అనే అర్థంలో వాక్యం మధ్యలో వస్తే ముందొక కామా, వెనకొక కామా. రెండోది మరిచిపోతే బ్రాకెట్ తెరిచి మూయనట్టే. చాలామంది మరిచిపోతారు, పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లు కూడా. రెండు పూర్తి వాక్యాల నడుమ వస్తే దాని ముందు కామా చాలదు, సెమీకోలనో ఫుల్‌స్టాపో కావాలి. 'హవెవర్ హార్డ్ హీ ట్రైడ్' అన్నప్పుడు మాత్రం హవెవర్ పక్కన కామా పెడితే వాక్యం చెడిపోతుంది. 'ఎంత కష్టపడినా' అన్న అర్థంలో అది హార్డ్‌తో కలిసే నడవాలి.

పర్హాప్స్, ఇన్‌డీడ్, 'కూడా' అనే అర్థంలో వచ్చే టూ లాంటివాటి దగ్గర అంత పట్టింపు లేదు. కామా పెట్టేవాళ్లూ ఉన్నారు, మానేసేవాళ్లూ ఉన్నారు. అలాంటివి ఇచ్చి ఒకే జవాబుకు మార్కు అనడం అన్యాయం. మీ మాదిరి ప్రశ్నల్లో ఒకటి అలాగే ఉంది. 'ఐ, టూ, వాంట్ టు గో'లో కామాలు తీసేస్తే తప్పన్నారు. తప్పు కాదు. వచ్చే వారం ఆ జవాబు సవరించి వేయండి. పిల్లలు ఆ పేజీ కత్తిరించి దాచుకుంటున్నారు.

– ఓ రిటైర్డ్ ప్రూఫ్ రీడర్, పెరంబూరు, చెన్నై