వేదిక తగ్గించండి, కబుర్లకు చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల పూర్వ విద్యార్థుల సమ్మేళనాల వార్తలు పత్రికల్లో తరచూ వస్తుంటాయి. ఫొటోలో ఎప్పుడూ వేదికే. వరసగా కూర్చున్న పెద్దలు, వెనక బ్యానరు. ఎదురుగా హాల్లో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో మాత్రం కనిపించదు. ఆ కుర్చీల్లో ఉండాల్సినవాళ్లు వరండాలో కబుర్లాడుతుంటారు, దయచేసి లోపలికి రండంటూ మైకు మొత్తుకుంటూ ఉంటుంది. ఏళ్ల తర్వాత కలిసినవాళ్లు వచ్చిందే ఆ కబుర్ల కోసం. అందుకే నాలుగు గంటల సమ్మేళనంలో వేదికకు గంటకు మించి ఇవ్వకూడదని మా అభిప్రాయం.

ప్రసంగాల దగ్గర లెక్క ఎలా తప్పుతుందో చూడండి. ఆరుగురు, తలా ఐదు నిమిషాలు, మొత్తం అరగంట అని రాసుకుంటారు. ఒక్కొక్కరి పరిచయానికి రెండు నిమిషాలు, జ్ఞాపికకూ ఫొటోకూ మరో రెండు నిమిషాలు కలిపితే అది 54 నిమిషాలు. అదీ అందరూ చెప్పిన సమయానికి ఆపితేనే. ఆపరు. ఇద్దరు వక్తలు చాలు. మిగతా ప్రముఖుల వివరాలు గుమ్మం దగ్గర ఇచ్చే కాగితం మీద అచ్చు వేయిస్తే ఎవరికీ లోటు జరగదు.

నమోదు బల్లల విషయంలో పొదుపు పనికిరాదు. మూడు వందల మంది అరగంటలో వస్తారనుకుంటే నిమిషానికి పది మంది. ఒక్కొక్కరికి 30 సెకన్లు పట్టినా ఒక బల్ల దగ్గర నిమిషానికి ఇద్దరే తెములుతారు. అంటే ఐదు బల్లలు కావాలి. పేర్ల అక్షర క్రమంలో కాకుండా బ్యాచ్‌ల వారీగా విడదీస్తే క్యూలోనే పాత స్నేహితులు ఎదురుపడతారు, నిలబడ్డామన్న విసుగూ ఉండదు. పాతికేళ్లు, యాభయ్యేళ్లు నిండిన బ్యాచ్‌ల నుంచి ఎక్కువమంది వస్తారు కాబట్టి వాళ్లకు విడిగా బల్ల వేయాలి. జాబితాలో పేరు లేనివాళ్లకు ఇంకొకటి. క్యూ నిలిచిపోయేది దాదాపు ఎప్పుడూ వాళ్ల దగ్గరే.

మెడలో వేసుకునే బ్యాడ్జీ మీద సంఘం లోగో పెద్దదిగా, పేరు చిన్నదిగా వేయడం మామూలు పొరపాటు. రెండడుగుల దూరం నుంచి కళ్లద్దాలు లేకుండా చదవగలిగేంత పెద్దగా పేరుండాలి. దాని కింద బ్యాచ్ సంవత్సరం, శాఖ. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారినవాళ్లకు చదువుకున్న రోజుల్లోని పేరు కూడా వేయాలి, లేదంటే పాత స్నేహితులు పోల్చుకోలేరు. తాడుకు వేలాడే బ్యాడ్జీ తిరగబడుతూనే ఉంటుంది కనుక రెండు వైపులా అచ్చు వేయించాలి.

ఇక సాంస్కృతిక కార్యక్రమం. సగం సమ్మేళనాలు పాడయ్యేది సౌండు దగ్గరే. స్పీకరులోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులో దూరి, ఇంకా పెద్దదై బయటికొస్తే కీచుమంటుంది. స్పీకర్లు మైకుల కంటే ముందు, ప్రేక్షకుల వైపు తిరిగి ఉండాలి. పాడేవాళ్లు స్టైలు కోసం మైకు తలను గుప్పిట్లో మూసినా అదే గోల. ఖాళీ హాల్లో సరిచూసుకున్న శబ్దాన్ని జనం నిండాక కాస్త పెంచాల్సి వస్తుంది, ఎందుకంటే మనుషులు కొంత శబ్దాన్ని పీల్చుకుంటారు. కరోకే ట్రాకులన్నీ (గొంతు లేకుండా సంగీతం మాత్రమే ఉండే రికార్డింగులు) మూడు రోజుల ముందే తెప్పించి, వరుస సంఖ్యలిచ్చి ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవాలి. ఎవరి ఫోను వాళ్లు తెచ్చి తగిలిస్తే మార్చిన ప్రతిసారీ సమయం పోతుంది, పాట మధ్యలో కాల్ వస్తే హాలంతా మోగుతుంది. వైర్‌లెస్ మైకులకు ఆ రోజు కొత్త బ్యాటరీలే వేయాలి.

భోజనాల వేళ పాటలు పెట్టే అలవాటు మానుకుంటే మంచిది. వయసు పైబడినవాళ్లలో చాలామందికి హోరులో ఎదుటివారి మాట విడదీసి వినడం కష్టం. పాట వినిపిస్తుంటే మాట్లాడేవాళ్లు గొంతు పెంచుతారు, వాళ్ల గొంతు మించాలని పాట పెంచుతారు. చివరికి ఎవరికీ ఏదీ వినపడదు. ఐదడుగుల గుండ్రటి బల్లకు ఎనిమిది మందే కూర్చోవాలి. అంతకంటే పెద్ద బల్లయితే ఎదుటివాళ్లను వదిలేసి పక్కవాళ్లతోనే మాట్లాడుకుంటారు.

పాత ఫొటోలను వేదిక మీద చూపించి వ్యాఖ్యానం చెప్పడం కంటే, వరండాలో ఒక తెర మీద మౌనంగా తిరుగుతూ ఉండనివ్వండి. ఫొటోకు ఆరు సెకన్ల చొప్పున వంద ఫొటోలు పది నిమిషాల్లో ఒక చుట్టు వస్తాయి. చిన్న ప్రింట్లను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో, స్కాన్ చేస్తే పెద్ద తెర మీద కూడా ముఖాలు తెలుస్తాయి. బ్యాచ్ ఫొటోలు భోజనాలకు ముందే తీయాలి, తర్వాత సగం మంది దొరకరు. దివంగతుల జాబితాలో ప్రతి పేరునూ ఇద్దరి ద్వారా రూఢి చేసుకోవాలి. బతికున్న మనిషి పేరు చదివితే ఆ తప్పును దిద్దుకునే దారి లేదు.

జనం ఎలా వస్తారని అడిగేవాళ్లుంటారు. వాట్సాప్ సందేశం తేదీ తెలియజేస్తుంది, అంతే. మనిషిని కదిలించేది తన బ్యాచ్‌వాళ్ల ఫోనే. బ్యాచ్‌కు ఒక సమన్వయకర్తను పెట్టి, తలా ఇరవై మందికి ఫోన్ చేయమనాలి. నామమాత్రపు రుసుమైనా ముందే తీసుకోవాలి. పూర్తిగా ఉచితమైతే వస్తామన్నవాళ్ల సంఖ్యకూ వచ్చినవాళ్ల సంఖ్యకూ పొంతన ఉండదు, భోజనాల లెక్క తలకిందులవుతుంది. కొత్తగా పట్టా తీసుకున్నవాళ్లకు రుసుము తగ్గించాలి.

ఏడాదికొక్క పెద్ద సభతో సరిపెట్టుకోవడమూ సరికాదు. అమెరికాలోని విలియమ్స్ కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం 1821లో పుట్టింది విందు కోసం కాదు. కళాశాల అధ్యక్షుడు కొందరు విద్యార్థులతో సహా వేరే చోట కొత్త కళాశాలకు వెళ్లిపోతే, ఉన్నదాన్ని నిలబెట్టడానికి పాత విద్యార్థులు ఒక్కటయ్యారు. చేతిలో పని ఉన్న సంఘం ఎలాగూ కలుస్తూనే ఉంటుంది. పాతిక ముప్ఫై మందితో పుస్తక చర్చ, ఉదయపు నడక, చివరి సంవత్సరం విద్యార్థులకు నమూనా ఇంటర్వ్యూలు లాంటివి మూడు నెలలకొకటి పెడితే చాలు. వాటికి హాలూ అక్కర్లేదు, మైకూ అక్కర్లేదు. తర్వాతి కలయిక తేదీనీ, బాధ్యత తీసుకునే ఇద్దరి పేర్లనూ సమ్మేళనంలో భోజనాలకు ముందే ప్రకటించాలి. వడ్డన మొదలయ్యాక ఎవరూ వినరు.

ఇట్లు,
ఒక విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల సంఘం సాంస్కృతిక విభాగం సభ్యులు