మా పాప డేకేర్ టీచర్‌కీ, ఆయమ్మలకీ థ్యాంక్స్

పోయిన వారం మా పాప డేకేర్‌లో షెల్ఫ్ పట్టుకుని నిలబడబోయి జారిపడింది. పై పెదవికి షెల్ఫ్ అంచు కొట్టుకుని నోరంతా రక్తం. ఇప్పుడు బాగుంది, మెత్తగా కలిపిన పప్పన్నం మళ్లీ ఇష్టంగా తింటోంది. ఆ రోజు అక్కడి టీచర్ గారూ, ఆయమ్మలిద్దరూ పాపని చూసుకున్న తీరుకి అందరి ముందూ థ్యాంక్స్ చెప్పాలని ఈ పోస్టు.

నేను ఫోన్ ఎత్తగానే టీచర్ గారు అన్న మొదటి మాట, "మేడమ్, పాప నా ఒళ్లోనే ఉంది, ఏడుపు ఆపేసింది." ఆ తర్వాతే పడిన సంగతి చెప్పారు. ఎలా పడింది, దెబ్బ ఎక్కడ తగిలింది, తాము ఏం చేశారు, అన్నీ వరసగా చెప్పారు. ఏమీ కాలేదని దాటేయలేదు, కంగారూ పెట్టలేదు. మాటలు రాని బిడ్డని వదిలి పనికి వెళ్లే తల్లి, సాయంత్రం వాచిన పెదవి చూసి అడిగి తెలుసుకోవడం వేరు, వాళ్లే ముందు ఫోన్ చేసి చెప్పడం వేరు.

పై పెదవికీ చిగుళ్లకీ మధ్య ఉండే సన్నటి పొర తెగింది. నడక నేర్చుకునే వయసులో ఇది మామూలేననీ, చూడ్డానికి రక్తం ఎక్కువగా కనిపించినా చాలావరకు కుట్లు లేకుండానే మానిపోతుందనీ మా పిల్లల డాక్టర్ గారు చెప్పారు. డేకేర్ వాళ్లు పాపని పడుకోబెట్టకుండా ఒళ్లో కూర్చోబెట్టి కాస్త ముందుకి వంచి పట్టుకున్నారు, తడిపిన శుభ్రమైన గుడ్డతో పెదవిని బయటి నుంచి పళ్లకి ఆనించి రక్తం ఆగేదాకా నొక్కి ఉంచారు. పసుపో కాఫీ పొడో అద్దలేదు. ఆగిందో లేదో అని పెదవి పదే పదే ఎత్తి చూడలేదు కూడా, అలా ఎత్తితే మళ్లీ రక్తం వస్తుందట. పళ్లు కదులుతున్నాయేమో చూశారు. తలకి దెబ్బ తగల్లేదు, అయినా సరే వాంతులైతే గానీ, మరీ మత్తుగా ఉంటే గానీ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని నాకు గుర్తుచేశారు. డాక్టర్ గారు ఇదంతా విని చాలా బాగా చేశారన్నారు.

మా డేకేర్ ఆఫీసు తరఫున నడిచేదే. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే ఇలాంటి డేకేర్, ఉండాలనీ, తల్లి రోజుకి 4 సార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చనీ ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 2017లో చేర్చారు. అందుకే ఎవరినీ బతిమాలకుండా వెంటనే లేచి వెళ్లగలిగాను. ఈ హక్కు సంగతి తెలియని అమ్మలు ఇంకా చాలామంది ఉన్నారు, దయచేసి మీ ఆఫీసులో అడగండి.

సాయంత్రం ఒక కాగితం ఇచ్చారు. పడిన టైమ్, చోటు, అప్పుడు దగ్గర ఎవరున్నారు, ఏం చేశారు, నాకు ఎప్పుడు ఫోన్ చేశారు, అన్నీ రాసి కింద సంతకాలు. వేరే పిల్లలెవరైనా తోశారా అని మావారు అడిగితే, "లేదు సార్, తనే జారింది. ఒకవేళ ఇంకో బిడ్డ వల్ల తగిలినా ఆ పేరు మాత్రం చెప్పం" అన్నారు. నాకది చాలా నచ్చింది, రేపు మా పాపే ఎవరినైనా కొరకొచ్చు కదా. మర్నాడు షెల్ఫ్ అంచులకి మెత్తటి ఫోమ్ పట్టీలు అంటించి ఫోటో పంపారు.

టీచర్ గారూ, ఆయమ్మలూ, మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. మీ పేర్లతో సహా మేనేజ్‌మెంట్‌కి కూడా ఉత్తరం రాశాను, ముఖ్యంగా ఆయమ్మల గురించి, ఎందుకంటే జీతాలు పెంచేటప్పుడు వాళ్లని ఎవరూ తలుచుకోరు.