ఈసారి గోంగూర కుండీలు ఇవ్వలేకపోతున్నాను

ప్రతి శనివారం మా చేలో పండిన కూరల బ్యాగులు తీసుకునే అందరికీ నమస్కారం.

ముందు అసలు సంగతి. ఫిబ్రవరిలో డబ్బు కట్టి గోంగూర కుండీలు బుక్ చేసుకున్న 46 ఇళ్లకూ ఈసారి కుండీలు రావు. డబ్బు నిన్న రాత్రి వెనక్కి పంపేశాను. బ్యాగులో గోంగూర మాత్రం ఉంటుంది, కాకపోతే జూన్ ఆఖరి వారం బదులు జూలై రెండో వారం నుంచి. ఇన్నాళ్లూ "కాస్త ఆలస్యం" అని చెప్పి తప్పించుకున్నాను. వాట్సాప్ గ్రూపులో తలో మాటా అనుకుంటున్నారు కాబట్టి జరిగింది నేనే రాస్తున్నాను.

"మిన్నెసోటా చలిలో గోంగూర పెంచుతానంటే ఇలాగే ఉంటుంది" అని ఒకాయన రాశారు. చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. ఆరేళ్లుగా తింటున్నది ఏ చలిలో పెరిగిందండీ మరి? ఇక్కడ ఫ్రాస్ట్, అంటే మొక్కల్ని మాడ్చేసే గడ్డకట్టిన మంచు, భయం మే నెల సగం దాకా ఉంటుంది, మళ్లీ సెప్టెంబరు ఆఖరుకో అక్టోబరు మొదట్లోనో దిగుతుంది. రాత్రిళ్లు 50 ఫారెన్‌హీట్ కిందికి పోతే గోంగూర ముడుచుకుపోతుంది కాబట్టి జూన్ రాకముందు నేను బయట నాటను. చేతికొచ్చేది మహా అయితే నాలుగు నెలలు. కానీ జూన్‌లో ఇక్కడ పగలు పదిహేనున్నర గంటలు. పల్నాడులో మా నాన్న చేలో కూడా మొక్క అంత జోరుగా లేవడం నేను చూడలేదు. మన గోంగూర చలికి పోలేదు, విత్తనం దగ్గర పోయింది.

చిక్కేమిటంటే, పగలు తగ్గితే తప్ప గోంగూర పూయదు. ఇక్కడ పగలు పన్నెండున్నర గంటలకు తగ్గేసరికి సెప్టెంబరు సగం అయిపోతుంది. మొగ్గ తొడిగి, కాయ ముదిరి, గింజ ఎండేలోపు ఫ్రాస్ట్ వచ్చి మొక్క నల్లబడిపోతుంది. ఆకు లేతగా దొరుకుతుంది కానీ, ఊళ్లోలా మన గింజ మనం దాచుకోలేం. ఏటా కొనాల్సిందే. "ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెస్తాం" అని చాలామంది ప్రేమగా అంటున్నారు, దయచేసి వద్దు. పురుగూ తెగులూ లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేని విత్తనాలు అమెరికాలోకి తేనివ్వరు. చెప్పకుండా తెచ్చి దొరికితే జరిమానా మీకే.

నాలుగేళ్లుగా విత్తనం ఒకాయన దగ్గరే కొంటున్నాను. పేరు రాయను. ఏప్రిల్ 14న బేస్‌మెంట్‌లో ట్రేలలో గింజలు పెట్టాను, కింద వేడినిచ్చే హీట్ మ్యాట్ 85 ఫారెన్‌హీట్‌లో ఉంది. మంచి గింజ అయితే నాలుగో రోజుకి మెడ వంచుకుని మట్టి పైకి వస్తుంది. వారమైనా ట్రేకి మూడో నాలుగో తప్ప రాలేదు. మ్యాట్ చెడిందేమోనని థర్మామీటరు గుచ్చి చూశాను. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని ఒక ట్రే ఆరబెట్టాను. బేస్‌మెంట్ తలుపు తీసి ఉంచిందని మా ఆవిడ మీద విసుక్కున్నాను. విత్తనం అమ్మినాయన్ని మాత్రం అనుమానించలేదు. పన్నెండో రోజు తడి పేపర్ టవల్లో 50 గింజలు చుట్టి పెట్టాను. ఆరు మొలిచాయి. మిగతా వాటిని గోటితో నొక్కితే లోపల పప్పు గోధుమరంగు పొడిలా రాలింది. పాత సరుకు. తడిగుడ్డలో పది గింజలు కట్టి చూడందే మా నాయనమ్మ ఏ విత్తనమూ చల్లనిచ్చేది కాదు. నాలుగేళ్ల నమ్మకం మీద నేను ఆ పని మానేశాను. అది నా తప్పే.

ఫోన్ చేస్తే ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మీ దగ్గర చలి ఎక్కువ కదండీ!" బేస్‌మెంట్‌లో 85 పెట్టుకుంటే చలేంటి? వాదించగా వాదించగా కొత్త ప్యాకెట్ పంపారు. అది రావడానికి తొమ్మిది రోజులు. కవరు కొత్తది, వెనక లాట్ నంబరు పాతదే, అంటే అదే పాత సరుకు. చివరికి ఫ్రిజ్‌లో ఆవకాయ సీసా వెనక నిరుటి గింజలు కాసిని దొరికాయి. అప్పటికి మూడు వారాలు పోయాయి. అవి మొలిచాయి, లెక్కపెడితే 212 మొక్కలు.

46 ఇళ్లకు నాలుగేసి చొప్పున కుండీల్లో పెడితే 184 పోతాయి. చేలో నాటడానికి మిగిలేది 28. అదే 212 మొక్కలూ చేలో నాటి, పది పన్నెండు రోజులకోసారి తల తుంచుతూ పోతే 130 బ్యాగుల్లోకీ తలా ఒక కట్ట వస్తుంది. ఈ లెక్క కాగితం మీద నాలుగు రాత్రులు వేశాను. "ముందు డబ్బు కట్టిన వాళ్లకి ముందు ఇవ్వాలి" అంది మా ఆవిడ. నాకు డబ్బు కంటే పెద్దవాళ్లు గుర్తొచ్చారు. మే నెలలో చాలా ఇళ్లకు అమ్మానాన్నలు వస్తారు. మీరు ఆఫీసుకెళ్లాక డెక్ మీద ఆ కుండీయే వాళ్లకు కాలక్షేపం. నిరుడు ఒక పెద్దాయన లుంగీతోనే కారు దిగి, ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని, "ఎర్ర కాడే" అని తలూపి, కుండీని వెనక సీట్లో పెట్టించి బెల్టు కట్టించారు. ఈసారి ఆయనకి ఏం చెప్పాలో తెలియడం లేదు. మా ఆవిడదే న్యాయమేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా గత ఆదివారం మొక్కలన్నీ చేలో నాటేశాను.

"టెక్సాస్ నుంచి పెట్టెలు తెప్పించి కట్టలు కట్టెయ్, ఎవరికి తెలుస్తుంది?" అని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. బ్యాగు మీద "ఇక్కడ పెరిగింది" అని నా చేత్తో రాస్తున్నాను. ఆ పని చేయను.

తోటకూర, చుక్కకూర, మెంతికూర బాగున్నాయి. బెండ ఇంకా కవర్ కిందే ఉంది. శనివారం ఎప్పటిలాగే 9 నుంచి 11. వచ్చే ఏడాది ఇద్దరి దగ్గర విత్తనం కొంటాను, ఫిబ్రవరిలోనే పేపర్ టవల్ ఫోటో గ్రూపులో పెడతాను.

జూలైలో తల తుంచినప్పుడు కొన్ని ముదురు కొమ్మలకు వేర్లు పట్టించి చూస్తాను. పడితే అమ్మానాన్నలు వచ్చి ఉన్న ఇళ్లకు ముందు ఒక్కో కుండీ ఇస్తాను. మాట ఇవ్వడం లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఒక మెసేజ్ పెట్టండి. చలి సంగతి రాసిన ఆయన బ్యాగు కూడా శనివారం కట్టే ఉంచుతాను, వచ్చి తీసుకోండి.